విదేశాల్లో బైక్ మీద తిరిగేటప్పుడు టోల్ కట్టడం ఎలా? ఆల్ప్స్ దారుల మీదుగా ఒక సమగ్ర మార్గదర్శి

మన జాతీయ రహదారుల మీద బైక్‌కు టోల్ లేదు. విజయవాడ హైవే ఎక్కినా, కర్నూలు దారి పట్టినా, టోల్‌గేట్ రాగానే ఎడమ పక్కనున్న సన్నటి సందులోంచి బండి పోనిచ్చి వెళ్ళిపోతాం. ఫాస్టాగ్ గురించి కార్లవాళ్ళే ఆలోచించుకుంటారు. ఏళ్ళ తరబడి ఇలాగే తిరిగినవాళ్ళం యూరప్ వెళ్ళి, మ్యూనిక్‌లో బండి అద్దెకు తీసుకుని ఆల్ప్స్ కొండల వైపు బయల్దేరినప్పుడు, టోల్ సంగతి తలకే తట్టదు. అక్కడ చాలా దేశాల్లో బైక్ కూడా డబ్బు కట్టాలి. కట్టే పద్ధతి మాత్రం దేశానికో రకం. కొన్నిచోట్ల గేటే ఉండదు, మనిషీ కనపడడు. కట్టాలని తెలిసేది ఇంటికొచ్చాక, ఉత్తరం అందినప్పుడే.

మ్యూనిక్ నుంచి ఆస్ట్రియా, ఇటలీ, స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ చుట్టి రావడం మనవాళ్ళు ఎక్కువగా వేసుకునే దారి. అందుకే దాన్నే ఉదాహరణగా తీసుకుని, బయల్దేరే ముందు నుంచి తిరిగొచ్చాక చేయాల్సిన పని దాకా వరసగా చెబుతాను.

1. ముందు మూడు పద్ధతులను అర్థం చేసుకోండి

యూరప్ టోల్ మొత్తం మూడు రకాలు. ఇవి మనసులో పడితే కొత్త దేశంలో కూడా తడబడరు.

మొదటిది కాలాన్ని బట్టి కట్టేది. దీన్ని విన్యెట్ అంటారు. ఇన్ని రోజులకని ముందుగా డబ్బు కట్టేస్తే, ఆ రోజుల్లో ఆ దేశపు హైవేల మీద ఎంత తిరిగినా అడగరు. ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, స్లోవేనియాలది ఈ పద్ధతి. ఒకప్పుడు స్టిక్కర్ అతికించేవారు, ఇప్పుడు చాలావరకు బండి నంబర్ మీద ఆన్‌లైన్‌లోనే నమోదవుతుంది.

రెండోది దూరాన్ని బట్టి కట్టేది. హైవే ఎక్కేచోట టికెట్ తీసుకుని, దిగేచోట డబ్బు కట్టాలి. ఇటలీ, ఫ్రాన్స్, క్రొయేషియాల్లో ఎక్కువగా ఇదే.

మూడోది కెమెరా. గేటు ఉండదు, ఆగే పని లేదు. కెమెరా నంబర్ ప్లేటును ఫొటో తీస్తుంది. తర్వాత గడువులోగా మనమే వెతుక్కుని వెళ్ళి కట్టాలి. బయటి దేశం నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఆగకుండా దాటేశాం కాబట్టి ఏమీ కట్టనక్కర్లేదనుకుంటారు.

ఇవి కాక, కొండల మీద అందమైన దారులకు, పెద్ద సొరంగాలకు విడిగా టోల్ ఉంటుంది. విన్యెట్ ఉన్నా అక్కడ మళ్ళీ కట్టాలి.

2. దారి ఖాయం చేసుకోండి, టోల్ సగం తేలిపోతుంది

ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే, ఇది గుర్తుంచుకోండి. మీరు అంత దూరం వెళ్ళేది కొండ దారుల కోసం, హైవే కోసం కాదు. విన్యెట్ కావలసింది హైవేకే. కనుమ దారుల్లో చాలావాటికి ఏ టోలూ లేదు.

ఇటలీలోని స్టెల్వియో కనుమనే చూడండి. 2,757 మీటర్ల ఎత్తు, ప్రాతో ఊరి వైపు నుంచి ఎక్కితే 48 హెయిర్‌పిన్ మలుపులు. అయినా టోల్ లేదు. స్విట్జర్లాండ్‌లో ఫుర్కా, గ్రిమ్‌జెల్, సుస్టెన్ కనుమలు మూడూ ఒక్కరోజులో చుట్టి రావచ్చు, ఒక్క ఫ్రాంకు కట్టే పని లేదు. స్లోవేనియాలోని వ్ర్‌షిచ్ కనుమకూ అంతే.

కాబట్టి మ్యాప్ ముందేసుకుని ప్రతి రోజు దారినీ గీసుకోండి. ఏ రోజు హైవే తప్పదో, ఏ రోజు అక్కర్లేదో పక్కన రాసుకోండి. విన్యెట్ దేశాల్లో ఫోన్ మ్యాప్‌లో టోల్ వద్దనే సెట్టింగ్‌ను మాత్రమే నమ్ముకోకండి, హైవే వద్దనే సెట్టింగ్ కూడా ఆన్ చేయండి. ఊరి మధ్యలో ఒక్క తప్పు మలుపు తిరిగితే చాలు, హైవే మీద ఉంటారు. అక్కడ వెనక్కి తిరగడం కుదరదు.

3. దేశాలవారీగా ఏం కొనాలి?

జర్మనీలో బైక్‌కు టోల్ లేదు, అక్కడి హైవే అయిన ఆటోబాన్ మొత్తం ఉచితం. కార్లకు టోల్ పెట్టాలని ఒకప్పుడు జర్మనీ చట్టం చేసింది గానీ, 2019లో యూరప్ న్యాయస్థానం అది చెల్లదంది.

ఆస్ట్రియాలో హైవేలకు, ఎక్స్‌ప్రెస్‌వేలకు విన్యెట్ తప్పనిసరి. నడిపే సంస్థ పేరు అస్ఫినాగ్. బైక్‌కు 2025లో ఒకరోజు విన్యెట్ 3.70 యూరోలు, 10 రోజులది 4.90, రెండు నెలలది 12.40. కారు ధరతో పోలిస్తే ఇది సగం కూడా కాదు. ఇక్కడ చిన్న లెక్క వేసుకోవాలి. పన్నెండు రోజుల యాత్రలో వెళ్ళే రోజు, వచ్చే రోజు మాత్రమే ఆస్ట్రియా హైవే ఎక్కుతారనుకోండి. 10 రోజులది ఒకటి కొంటే చివరి రోజుకు చెల్లదు. రెండు కొంటే 9.80 అవుతుంది. దానికి బదులు ఒకరోజువి రెండు కొంటే 7.40తో సరిపోతుంది. తేడా చిన్నదే, కానీ చివరి రోజు విన్యెట్ లేకుండా పట్టుబడటం చిన్న విషయం కాదు.

ఇంకో సంగతి. ఒకరోజు, 10 రోజుల డిజిటల్ విన్యెట్లు కొన్న వెంటనే అమల్లోకి వస్తాయి. రెండు నెలలవి, ఏడాదివి ఆన్‌లైన్‌లో కొంటే 18వ రోజు నుంచి గానీ చెల్లవు. కొన్నవాళ్ళు మనసు మార్చుకునే హక్కు కోసం అక్కడి చట్టం పెట్టిన వ్యవధి అది. ఎక్కువ రోజులుంటాం కదా అని రెండు నెలలది కొని, ఆ రోజే హైవే ఎక్కితే అది విన్యెట్ లేనట్టే.

మ్యూనిక్ నుంచి వచ్చేవాళ్ళకు పనికొచ్చే వెసులుబాటు కూడా ఉంది. సరిహద్దు నుంచి కూఫ్‌స్టైన్ దక్షిణ ఎగ్జిట్ దాకా ఆస్ట్రియా ఏ12 హైవే మీద విన్యెట్ అక్కర్లేదు. 2019 డిసెంబర్ నుంచి ఈ సడలింపు ఉంది. అక్కడ దిగి కొండ దారి పట్టొచ్చు.

ఆస్ట్రియాలో విన్యెట్ ఉన్నా విడిగా కట్టాల్సినవి: ఇటలీ వైపు వెళ్ళే ఏ13 బ్రెన్నర్ హైవే, ఏ10 హైవేలో టావెర్న్ సొరంగం ఉన్న భాగం, ఎస్16 ఆర్ల్‌బెర్గ్ సొరంగం, స్లోవేనియా సరిహద్దులో కారవాంకెన్ సొరంగం. బ్రెన్నర్ హైవే పక్కనే పాత రోడ్డు ఉంది, దానికి టోల్ లేదు. బైక్ మీద వెళ్ళేవాళ్ళకు నేను ఆ పాత రోడ్డే చెబుతాను. ఊళ్ళ మధ్య నుంచి పోతుంది, ఆగాలనిపించిన చోట ఆగొచ్చు.

ఆస్ట్రియాలోనే గ్రోస్‌గ్లాక్‌నర్ కొండ దారి ఉంది. 1935లో తెరిచారు, 48 కిలోమీటర్ల పొడవు, 36 హెయిర్‌పిన్‌లు. దీనికి విన్యెట్‌తో సంబంధం లేదు, గేటు దగ్గర టికెట్ కొనాలి. బైక్‌కు ఒకరోజుకు 30 యూరోలు దాటుతుంది. మన డబ్బులో లెక్కేస్తే గుండె గుభేల్‌మంటుంది. అయినా కట్టండి. పొద్దున్నే గేటు తెరిచే వేళకు వెళ్ళండి, బస్సులు రాకముందే పైకి చేరతారు. ఎండాకాలంలో ఆ రోడ్డు మీద ఉదయం రెండు గంటలకున్న విలువ మధ్యాహ్నం నాలుగు గంటలకు ఉండదు. ఆస్ట్రియా నుంచి ఇటలీకి దాటించే టిమ్మెల్స్‌యోఖ్ కనుమకు కూడా ఇలాగే విడిగా టోల్ ఉంది.

స్విట్జర్లాండ్‌లో ఒకటే విన్యెట్, ఏడాదిది, 40 ఫ్రాంకులు. బైక్‌కూ అంతే, కారుకూ అంతే. ఒక్క రోజుకు వెళ్ళినా అదే కొనాలి. ముందు ఏడాది డిసెంబర్ 1 నుంచి తర్వాతి ఏడాది జనవరి 31 దాకా చెల్లుతుంది. 2023 ఆగస్టు నుంచి నంబర్ మీద ఆన్‌లైన్‌లో కొనే వీలుంది. విన్యెట్ లేకుండా హైవే మీద దొరికితే 200 ఫ్రాంకుల జరిమానా, విన్యెట్ ఖర్చు దాని మీద అదనం. రెండు రోజులు కనుమలు తిరిగి వెళ్ళిపోయేవాళ్ళకు నా సలహా: ఇది కొనకండి, హైవే ఎక్కకండి. జూరిక్ నుంచి జెనీవా లాంటి దూరాలు వెళ్ళేవాళ్ళయితే మాత్రం కొనండి. గొత్తార్డ్ సొరంగానికి విన్యెట్ చాలు. ఇటలీకి దాటించే గ్రాన్ సాన్ బెర్నార్డో సొరంగానికి విడిగా కట్టాలి, పైనున్న కనుమ దారి ఉచితం.

స్లోవేనియాలో బైక్‌కు వారం విన్యెట్ సుమారు 8 యూరోలు. అమ్మేది దార్స్ అనే సంస్థ. దేశం చిన్నది కదా, పది కిలోమీటర్లే కదా అని హైవే ఎక్కకండి. కట్టనివాళ్ళకు జరిమానా 300 యూరోల నుంచి మొదలవుతుంది.

4. బండి నంబర్ చేతికొచ్చాకే విన్యెట్ కొనండి

అద్దె బండి నంబర్ సాధారణంగా తాళాలు ఇచ్చే రోజు దాకా తెలియదు. ఉత్సాహంలో ఇంట్లో కూర్చుని కొనడానికి తొందరపడకండి. బండి తీసుకునేటప్పుడు ఈ క్రమంలో చూడండి.

ముందు అద్దె సంస్థవాళ్ళను ఈ బండికి ఏ దేశపు విన్యెట్ ఉంది, ఎప్పటి దాకా ఉంది అని అడగండి. ముందు ఫోర్కు మీద స్టిక్కర్ ఉంటే ఏడాది చూడండి. పాత ఏడాది స్టిక్కర్ చూసి ధైర్యంగా వెళ్ళిపోయినవాళ్ళున్నారు. తర్వాత నంబర్ ప్లేటును, రిజిస్ట్రేషన్ కాగితాన్ని ఫొటో తీసుకోండి. విన్యెట్ కొనేటప్పుడు నంబర్‌ను జ్ఞాపకం నుంచి కొట్టకండి, ఫొటో చూసి కొట్టండి. ఓ అనే అక్షరానికి, సున్నాకు తేడా గమనించండి.

దేశం అడిగినచోట బండి రిజిస్టరైన దేశం ఎంచుకోవాలి, మీ దేశం కాదు. మ్యూనిక్ బండి అయితే జర్మనీ. ఇది చాలా మామూలు పొరపాటు. పాస్‌పోర్టు వివరాలు నింపే అలవాటులో చెయ్యి ఇండియా మీద పడుతుంది. నంబర్ సరిగ్గా ఉండి దేశం తప్పైతే ఆ విన్యెట్ మీ బండిది కాదు.

కొనేది అసలైన సైట్‌లోనే కొనండి. వెతికితే పైన ప్రకటనల్లో కనపడేవి చాలావరకు మధ్యవర్తులవి. అవే విన్యెట్లను పైన రుసుము వేసి అమ్ముతారు. ఆస్ట్రియాకు అస్ఫినాగ్, స్లోవేనియాకు దార్స్, స్విట్జర్లాండ్‌కు అక్కడి ఫెడరల్ కస్టమ్స్ శాఖ. ఈ మూడూ గుర్తుంటే చాలు. నెట్ కుదరకపోతే సరిహద్దు దగ్గర పెట్రోల్ బంకులో అడగండి, అక్కడా దొరుకుతుంది. రసీదును ఫోన్‌లో నెట్ లేకపోయినా తెరుచుకునేలా దాచుకోండి.

5. కార్డులు, చిల్లర

రిజర్వ్ బ్యాంక్ 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం, మన కార్డులు ఇచ్చేటప్పుడు దేశంలో వాడకానికి మాత్రమే పనిచేసేలా ఇస్తారు. విదేశీ వాడకం, ఆన్‌లైన్, కార్డును తాకించి కట్టే సౌకర్యం మనమే బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకోవాలి. మూడూ ఆన్ చేసి పరిమితి పెంచుకోండి. ఇది ఇంటి దగ్గరే చేయండి. వీసా లేదా మాస్టర్‌కార్డ్ రకం కార్డులు రెండు ఉండాలి, వేరు వేరు బ్యాంకులవైతే మరీ మంచిది. ఒకటి జేబులో, ఒకటి సామానులో. రూపే ఒక్కదాన్నే నమ్ముకుని వెళ్ళకండి.

ఆన్‌లైన్‌లో కట్టేటప్పుడు ఓటీపీ మన ఇండియా నంబర్‌కే వస్తుంది. ఆ సిమ్‌కు రోమింగ్ లేకపోతే అన్నీ సిద్ధంగా ఉన్నా డబ్బు కట్టలేరు. మెషీన్ రూపాయల్లో కట్టమంటావా, యూరోల్లోనా అని అడిగితే యూరోలే ఎంచుకోండి. రూపాయలంటే మారకం రేటు వాళ్ళిష్టం.

ఒక యూరో, రెండు యూరోల నాణేలు పదిహేను ఇరవై యూరోలకు సరిపడా ఎప్పుడూ ఉంచుకోండి.

6. గేటు దగ్గర మీ చేతులు ఏం చేయాలి

కారులో ఉన్నవాడు అద్దం దించి కార్డు పెడతాడు. మనకు గ్లోవ్స్ తీయాలి, జిప్ తెరవాలి, టికెట్ వెతకాలి, కార్డు పెట్టాలి, రసీదు తీసుకోవాలి, మళ్ళీ గ్లోవ్స్ వేసుకోవాలి. అంతసేపూ వెనక కార్ల వరస. టెన్షన్ పడితే ఏదో ఒకటి కింద పడుతుంది.

ఈ దారిలోని దేశాల్లో కుడి పక్క నడుపుతారు కాబట్టి మెషీన్ మీ ఎడమ చేతి వైపు ఉంటుంది. ఎడమ చెయ్యి అంటే క్లచ్ చెయ్యి. గేరులో ఉన్న బండికి క్లచ్ వదిలి టికెట్ కోసం చెయ్యి చాపితే ఏమవుతుందో తెలుసు కదా! అందుకే వరస ఇలా పెట్టుకోండి. మెషీన్‌కు ఒక అడుగు దూరంలో ఆగండి. న్యూట్రల్‌లో వేసి, పచ్చ లైటు కళ్ళతో చూడండి. ఎడమ కాలు నేల మీద, కుడి కాలు వెనక బ్రేకు మీద. అప్పుడే ఎడమ గ్లోవ్ తీయండి. దాన్ని ట్యాంకు మీద పెట్టకండి, ఒడిలో పెట్టుకోండి.

లేన్ మధ్యలో బండి ఆపకండి. ఆగిన వాహనాల నుంచి కారిన ఆయిల్ అంతా లేన్ నడి మధ్యనే ఉంటుంది. వాన పడిన రోజు అక్కడ కాలు పెడితే జారుతుంది. కారు చక్రాలు వెళ్ళే ఎడమ చాలులో నడపండి, మెషీన్‌కూ దగ్గరవుతారు.

టికెట్‌కు ఒక్కటే జేబు కేటాయించండి. నాకిది కష్టపడి తెలిసింది. వెరోనా దగ్గర టికెట్‌ను గ్లోవ్‌లో దోపుకుని బయల్దేరాను. మొదటి పెట్రోల్ బంకులో గ్లోవ్ తీసినప్పుడు గాలికి ఎటుపోయిందో తెలియదు. ఇటలీలో టికెట్ లేకపోతే ఆ హైవేకు అన్నిటికన్నా దూరపు చివర నుంచి వచ్చినట్టు లెక్కేస్తారు. ఆ రోజు నుంచి నాకు ఎడమ రొమ్ము జేబు టికెట్ జేబు. అందులో ఇంకేమీ పెట్టను.

జంటగానో గుంపుగానో వెళ్తుంటే ప్రతి బండికీ విడి టికెట్. ముందువాడి వెనకే దూరిపోవద్దు, గేటు నెత్తిన పడుతుంది. ముందు దాటినవాళ్ళు గేటు పక్కనే కాకుండా కాస్త ముందుకెళ్ళి, వెడల్పు ఉన్నచోట ఆగాలి.

7. ఇటలీ, ఫ్రాన్స్ లేన్ల గుర్తులు

ఇటలీలో పసుపు రంగు టెలిపాస్ బోర్డు ఒక్కటే ఉన్న లేన్‌లోకి వెళ్ళకండి, అది యంత్రం బిగించుకున్న బళ్ళకు. నీలం బోర్డు కార్డులకు, తెల్ల బోర్డు నగదుకు. బైక్‌కూ కారుకూ ఒకే తరగతి. కార్డు పనిచేయక, నగదూ లేకపోతే కంగారు పడకండి. సహాయం బటన్ నొక్కితే డబ్బు కట్టలేదన్న చీటీ ఇచ్చి గేటు తెరుస్తారు. 15 రోజుల్లోగా ఆన్‌లైన్‌లో కట్టేయాలి. ఆ చీటీ పోగొట్టుకోకండి. వెనక్కి మాత్రం ఎప్పుడూ వెళ్ళొద్దు. లొంబార్దీలోని పెడెమొంతానా హైవేకు గేట్లు లేవు, కెమెరాలే. అక్కడా 15 రోజులే గడువు. దక్షిణాదిన సాలెర్నో నుంచి రెజ్జో కలాబ్రియాకు వెళ్ళే ఏ2కు, సార్డీనియా దీవికి టోల్ లేదు.

ఫ్రాన్స్‌లో నారింజ రంగు టి అక్షరం మాత్రమే ఉన్న లేన్ వద్దు. పచ్చ బాణం ఉన్నది అందరిదీ. బైక్ అక్కడ ఐదో తరగతి, కారు కంటే బాగా తక్కువ. అయితే మెషీన్ ఒక్కోసారి బైక్‌ను కారనుకుని ఒకటో తరగతి ధర చూపిస్తుంది. కట్టే ముందు తెర మీద తరగతి చూడండి. ఒకటి కనిపిస్తే బటన్ నొక్కి 'మోతో, క్లాస్ సాంక్' అనండి. మార్చేస్తారు. ఇటలీ, ఫ్రాన్స్‌లను కలిపే మోంబ్లాఁ సొరంగం 11.6 కిలోమీటర్లు, ధర ఎక్కువ. ఎండాకాలమైతే చిన్న సాన్ బెర్నార్డో కనుమ మీదుగా ఉచితంగా, ఇంకా అందంగా దాటొచ్చు.

ఫ్రాన్స్‌లో జాగ్రత్తగా ఉండాల్సింది గేట్లు లేని హైవేలతో. 2022 నుంచి అల్లియే ప్రాంతంలోని ఏ79, 2024 నుంచి పారిస్ నుంచి నార్మండీ వెళ్ళే ఏ13, ఏ14 ఇలా మారాయి. గడువు 72 గంటలే. ఆ రోజు రాత్రి బసకు చేరగానే, స్నానం కంటే ముందు, సైట్ తెరిచి బండి నంబర్ కొట్టి కట్టేయండి. రేపు చూద్దాంలే అంటే మూడు రోజులు ఇట్టే గడిచిపోతాయి.

8. ఇంకో వైపు వెళ్ళేవాళ్ళకు

చెక్, స్లొవాకియా, రుమేనియా, బల్గేరియాల్లో కార్లకు విన్యెట్ ఉంది, బైక్‌లకు అక్కర్లేదు. హంగరీలో బైక్‌కూ కావాలి. నార్వే టోల్ కెమెరాల కింద బైక్ ఉచితంగా వెళ్ళిపోవచ్చు. స్పెయిన్‌లో 2021 సెప్టెంబర్ నుంచి కాటలోనియా తీరపు ఏపీ-7 హైవేకు టోల్ తీసేశారు. పోర్చుగల్ దక్షిణాన ఏ22కు 2025 జనవరి నుంచి తీసేశారు. లండన్ దగ్గర థేమ్స్ నది దాటించే డార్ట్‌ఫర్డ్ క్రాసింగ్ బైక్‌కు ఉచితం, ఎం6 టోల్ అనే హైవే మీద మాత్రం కట్టాలి. మలేసియాలో చాలా హైవేల మీద బైక్‌కు టోల్ లేదు, పెనాంగ్ వంతెనకూ 2019 జనవరి నుంచి లేదు. థాయ్‌లాండ్‌లో టోల్ కన్నా ముందు చూసుకోవాల్సింది వేరే. అక్కడి మోటార్‌వేల మీదకు బైక్‌ను అసలు రానివ్వరు, మన హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు లాగానే.

9. బండి అప్పగించే ముందు, ఆ తర్వాత

చివరి రాత్రి కూర్చుని, రాసుకున్న దారి పక్కన కట్టిన ప్రతి టోల్‌కూ టిక్కు పెట్టండి. కెమెరా దారులు, ఇటలీ చీటీలు మిగిలి ఉంటే అప్పుడే కట్టండి. అద్దె బండి అయితే జరిమానా ముందు సంస్థకే వెళ్తుంది. వాళ్ళు తమ రుసుము కలిపి మీ కార్డు మీద వేస్తారు. మా మిత్రుడొకరికి తిరిగొచ్చిన రెండు నెలలకు ఇలా వచ్చింది. టోల్ కంటే సంస్థ రుసుమే ఎక్కువ. రసీదు దాచి ఉంటే కట్టానని చూపించేవాడు. రసీదు లేక ఊరుకున్నాడు.

జర్మనీలో చదువుకుంటున్న తమ్ముడిదో, ఉద్యోగం చేస్తున్న స్నేహితుడిదో బండి తీసుకెళ్తే ఇంకా జాగ్రత్తగా ఉండండి. ఉత్తరం వాళ్ళ ఇంటికి, వాళ్ళ పేరు మీద వస్తుంది. మనం ఇక్కడికొచ్చి మర్చిపోతాం, గడువు దాటేకొద్దీ పెరిగేది వాళ్ళ నెత్తిన పడుతుంది. తాళాలు తిరిగి ఇచ్చేటప్పుడే ఏ తేదీన ఏ దేశంలో ఏ హైవే ఎక్కారో ఒక కాగితం మీద రాసి, రసీదుల ఫొటోలతో పాటు ఇచ్చి రండి. రసీదులన్నీ కనీసం ఏడాది పాటు దాచండి. అద్దెకు వాడిన కార్డు స్టేట్‌మెంట్‌ను ఆరు నెలల పాటు నెలనెలా చూస్తూ ఉండండి.